కర్పూరం వాసన వచ్చిన జర్మన్ డాగర్: నా అనుభవం

నేను మొదటిసారి చూసినప్పుడు ఆ డాగర్‌కి పిడికీ బ్లేడ్‌కీ మధ్య అడ్డంగా ఉండే గార్డు మీద నల్ల ఇన్సులేషన్ టేప్ చుట్టి ఉంది. మన ఊళ్ళో తెగిన వైరుకి చుడతాం చూడండి, అదే టేప్. పక్కన పింగాణీ కప్పులు, పాత కెమెరాలు, ఒక విరిగిన గడియారం, వాటి మధ్యలో ఇది. జర్మనీలోని వుపర్టాల్ దగ్గర్లో ఆదివారం పూట జరిగే ఒక పాత సామాన్ల సంత అది, నేను వెళ్ళింది మా అమ్మాయికి సెకండ్ హ్యాండ్ సైకిల్ కోసం, తిరిగొచ్చింది సైకిల్ లేకుండా 340 యూరోలు వదిలించుకుని కత్తితో. మా ఆవిడ ఆ సంగతి ఇప్పటికీ మర్చిపోలేదు లెండి.

టేప్ ఎందుకంటే ఆ గార్డు మీద డేగ, డేగ కాళ్ళ కింద స్వస్తిక్ గుర్తు ఉంటాయి. మన గుమ్మాల మీద పసుపుతో వేసే స్వస్తిక్ కాదు, హిట్లర్ పార్టీది. జర్మనీలో దాన్ని పబ్లిక్‌లో చూపించడం క్రిమినల్ కోడ్ 86ఎ సెక్షన్ కింద నేరం, మూడేళ్ళ దాకా జైలు. చరిత్ర, చదువు, మ్యూజియం లాంటి వాటికి మినహాయింపు ఉంది కాబట్టి అమ్మేవాళ్ళు ఇలా టేపో స్టిక్కరో వేసి కప్పి పెడతారు. అమ్మే పెద్దమనిషి మెల్లగా నా చెవి దగ్గరకొచ్చి "మా తాత ఆఫీసర్, అటక మీద దొరికింది, 80 ఏళ్ళుగా ఎవరూ ముట్టుకోలేదు" అన్నాడు. 450 చెప్పాడు, నేను పక్కా మన స్టైల్లో రెండుసార్లు వెళ్ళిపోయినట్టు నటించి 340కి తెచ్చా. చాలా తెలివిగా కొన్నా అనుకున్నా, ఎందుకంటే మామూలు ఆర్మీ డాగర్ మంచి కండిషన్లో ఉంటే 400 పైనే ఉంటుందని ముందే ఫోన్లో చూసేశా కదా.

నేను పనిచేసేది ఇక్కడే చేతి పనిముట్లు చేసే ఒక కంపెనీలో, క్వాలిటీ డిపార్ట్‌మెంట్. రోజంతా వెర్నియర్, గేజ్‌లు, భూతద్దం ఇవే నా బతుకు. పక్కనే జోలింగన్, కత్తుల ఊరు, మధ్యయుగాల నుంచి అదే పని. మీ ఇంట్లో పాత షేవింగ్ కత్తో కత్తెరో ఉంటే తీసి చూడండి, దాని మీద ఆ ఊరి పేరు ఉండే ఛాన్స్ బాగానే ఉంది. 1938 నుంచి ఆ పేరుకి చట్టం కాపలా ఉంది, ఆ ఊళ్ళో చేయని కత్తి మీద ఆ పేరు కొట్టకూడదు. అయినా కొడతారు, అది వేరే సంగతి. సరే, మెటల్ అంటే నాకు కాస్త పిచ్చి ఉంది, నాజీల మీద కాదు, ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది ఎందుకంటే ఆఫీసులో విషయం తెలియగానే ఒకమ్మాయి నా మొహం వైపు చూసిన చూపు నాకు బాగా గుర్తుంది.

ఇంతకీ ఇదేంటంటే 1935లో జర్మన్ ఆర్మీ ఆఫీసర్లకి డ్రెస్‌లో భాగంగా పెట్టిన డాగర్. యుద్ధం చేయడానికి కాదు, పదును కూడా పెట్టరు, పరేడ్‌లకి, పెళ్ళిళ్ళకి నడుముకి వేలాడదీసుకోవడానికి. మొత్తం పొడుగు 40 సెంటీమీటర్లు, అందులో బ్లేడ్ 25, 26 దాకా. పిడి మెలితిరిగిన గీతలతో నారింజ రంగో పసుపో తెలుపో ఉంటుంది, ఒర మీద గులకరాళ్ళు పరిచినట్టు బొడిపెలు, రెండు చోట్ల ఓక్ ఆకుల పట్టీలు, వాటికి రింగులు. పిడికి అల్యూమినియం దారంతో అల్లిన తాడు కుచ్చు కడతారు, దాన్ని పోర్టెపీ అంటారు. నా దానికి ఇవన్నీ ఉన్నాయి. అన్నీ ఉన్నాయి అన్నదే అనుమానించాల్సిన విషయం అని నాకు అప్పుడు తెలీదు.

మొదటి వారం నేను చేసింది ఏంటంటే ఊరికే చూడటం. ఇది చిన్న సలహా కాదు. మా ఆఫీసులో రిటైరైపోయిన ఒక జర్మన్ కొలీగ్ ఉన్నాడు, ముప్పై ఏళ్ళుగా పాత బ్లేడ్లు సేకరిస్తున్నాడు, ఫోన్ చేస్తే ఆయన చెప్పిన మొదటి మాట, నాలుగు రోజులు దాన్ని ఏమీ చేయకు, తుడవకు, పాలిష్ పెట్టకు, ముఖ్యంగా వేడి సూది టెస్ట్ చేయకు అని. ఆ ఆఖరి ముక్క అనకపోతే నేను చేసేసేవాణ్ణే. ప్లాస్టిక్కా కాదా తెలుసుకోవడానికి కాల్చిన సూది గుచ్చి వాసన చూడమని ఎక్కడో చదివా. ఆ కాలం పిడులు ఎక్కువగా చెక్క మీద సెల్యులాయిడ్ తొడిగినవి. సెల్యులాయిడ్ అంటే నైట్రేట్ చేసిన దూదిలో కర్పూరం కలిపి చేసేది, పాత సినిమా రీళ్ళు తగలబడిపోయేవి అంటారు కదా, ఆ సరుకే. దానికి ఎర్రగా కాల్చిన సూది పెడితే టెస్ట్ కాదు, దీపావళి.

దానికి బదులు ఆయన చెప్పింది, మెత్తటి కాటన్ గుడ్డతో ఒక నిమిషం గట్టిగా రుద్దు, వేడెక్కగానే ముక్కు దగ్గర పెట్టుకో అని. రాత్రి పదకొండుకి వంటింట్లో కూర్చుని రుద్దుతున్నా. ముందు ఏం లేదు. ఇంకాస్త రుద్దా. అప్పుడొచ్చింది చూడండి వాసన, సన్నగా, చల్లగా, సందేహం లేదు, కర్పూరం. బెడ్రూమ్‌లోంచి మా ఆవిడ లేచొచ్చి "ఏంటి, ఈ టైమ్‌లో ఎవరికి హారతి ఇస్తున్నావ్" అంది. హిట్లర్ ఆర్మీ కత్తి మా గుడి వాసన కొడుతోంది. నాకు నవ్వాలో ఏంటో అర్థం కాలేదు.

కొత్తగా రెజిన్‌తో పోసిన కాపీ పిడికి ఈ వాసన రాదు. ఇక్కడే నాలాంటోళ్ళు పప్పులో కాలేస్తారు, వాసన వచ్చింది కాబట్టి డాగర్ అసలుది అనుకుంటారు. వచ్చింది పిడికి. అది కూడా సెల్యులాయిడ్ అని మాత్రమే తేలింది, ఎప్పుడు చేసిందో తేలలేదు, ఎందుకంటే యుద్ధం అయ్యాక జోలింగన్ ఫ్యాక్టరీల్లో మిగిలిపోయిన విడిభాగాలు ఎన్నో ఉండేవి, వాటిని తర్వాత ఒక్కో ముక్కా కలిపి డాగర్లు చేసి అమెరికన్ సైనికులకి, కలెక్టర్లకి అమ్మినవాళ్ళు ఉన్నారు. ముక్కలన్నీ పాతవే, కత్తి మాత్రం పాతది కాదు. దీన్ని ఏమనాలి చెప్పండి, అసలా నకిలీనా? కలెక్టర్లు దీన్ని పార్ట్స్ డాగర్ అని చులకనగా అంటారు.

తర్వాత బ్లేడ్. ఒరలోంచి తీసి కిటికీ వెలుతురులో పక్కకి వంచి చూస్తే మధ్య గట్టు పక్కన పొడుగ్గా సన్నటి గీతలు కనిపించాయి, రెండు వైపులా, దాదాపు ఒకే చోట. ఒర మూతి లోపల బ్లేడ్ కదలకుండా రెండు స్ప్రింగ్ రేకులు ఉంటాయి, ఏళ్ళ తరబడి దోపి తీసి దోపి తీసి పడ్డ గీతలు అవి. కొత్త కాపీలకి ఇవి ఉండవు, ఉంటే సాండ్‌పేపర్‌తో రాకినట్టు ఎక్కడపడితే అక్కడ ఉంటాయి. నా దానికి ఒర లోపల రేకుల దూరమూ బ్లేడ్ మీద గీతల దూరమూ సరిపోయాయి, అంటే ఈ ఒర ఈ బ్లేడ్ చాలా కాలంగా కాపురం చేస్తున్నాయన్నమాట. మనసుకి హాయిగా అనిపించింది.

కానీ ఒర మూతి పక్కన ఉన్న రెండు చిన్న స్క్రూల గాడి చితికిపోయి ఉంది. ఎవరో సైజు సరిపోని స్క్రూడ్రైవర్‌తో విప్పారు. 80 ఏళ్ళుగా ఎవరూ ముట్టుకోలేదన్న తాతగారి కథకి మొదటి చిల్లు అక్కడ పడింది.

పోర్టెపీకి పట్టిన టెస్ట్ చాలా సులువు. కరెన్సీ నోట్లు చూసే యూవీ టార్చ్ ఒకటి కొని చీకట్లో వేశా. ఇప్పటి దారాల్లో తెల్లగా కనబడటానికి కలిపే బ్రైటనర్లు ఉంటాయి, మన చిన్నప్పుడు తెల్ల యూనిఫామ్‌కి టినోపాల్ పెట్టేవాళ్ళు గుర్తుందా, అదే జాతి, అవి ఈ లైట్ కింద నీలంగా వెలుగుతాయి. యుద్ధానికి ముందు దారాల్లో అవి లేవు. నా కుచ్చు లోపలి దారం డిస్కో లైట్ లాగ వెలిగింది. ఇందులో కూడా ఒక తిరకాసు ఉంది, పాత గుడ్డని ఎవరైనా ఇప్పటి సర్ఫ్‌తో ఉతికినా ఇలాగే వెలుగుతుంది, కాబట్టి వెలిగిందంటే వెంటనే పారేయక్కర్లేదు. నా దాంట్లో అయితే అల్లిక లోపల, నీళ్ళు సరిగ్గా చేరని చోట కూడా అంతే వెలుగు. సరే, కుచ్చు కొత్తది, పోతే పోయింది, అది కట్టుకునే తాడే కదా.

ఇక విప్పడం. ఆర్మీ డాగర్ పిడి పైన గుండ్రటి టోపీ ఉంటుంది, దాన్ని మర తిప్పినట్టు తిప్పితే ఊడుతుంది, అప్పుడు పిడి, కింద చిన్న కడియం, గార్డు, ఒక తోలు వాషర్ వరసగా జారి వచ్చేస్తాయి, బ్లేడ్ తోక, అంటే పిడి లోపలికి దూరే సన్నటి భాగం, మాత్రం మిగులుతుంది. చెప్పడానికి ఇంతే. నా చేతిలో అది తిరగలేదు. సైకిల్ ట్యూబ్ ముక్క చుట్టి తిప్పాలని తర్వాత తెలిసింది, నేను మాత్రం పాత బనీను చుట్టి కటింగ్ ప్లేయర్‌తో పట్టా, జారింది, ఓక్ ఆకు మీద తెల్లటి గీటు పడింది. రోజూ ఎవరో ట్రైనీ కుర్రాడు ఇలాంటి పని చేస్తే క్లాస్ పీకే నేను! ఆ గీటు ఇప్పటికీ ఉంది, దాని మీద బొటనవేలు పెట్టినప్పుడల్లా సిగ్గేస్తుంది.

మర్నాడు ట్యూబ్ ముక్కతో సులువుగానే వచ్చింది. లోపల బ్లేడ్ తోక ముదురు గోధుమ రంగులో, అంతా ఒకే తీరుగా, ఎండిపోయిన పాత గ్రీజు మురికితో ఉంది, ఇది చాలా మంచి లక్షణం. ఎందుకంటే నకిలీ చేసేవాడు కనబడే చోట కష్టపడతాడు, లోపల బద్ధకిస్తాడు, లోపల తళతళా మెరుస్తున్నా, ఎర్రటి కొత్త తుప్పు ఉన్నా, యాసిడ్ పోసినట్టు మచ్చలున్నా అనుమానించాలి. పిడిని తిరగేసి కింద నుంచి చూస్తే చెక్క పీచు కనిపించింది, పైన సెల్యులాయిడ్ పొర వేరుగా. అదీ ఓకే.

గార్డు తీశా. తీస్తుంటే దాని బెజ్జంలోంచి ఏదో పల్చటి రేకు ముక్క టేబుల్ మీద పడింది. గోరంత ఉంటుంది. వెండి రంగు, ఒకవైపు ఎరుపు పెయింట్, ఆ ఎరుపులో ఏదో తెల్ల అక్షరం సగం. కూల్ డ్రింక్ క్యాన్ ముక్క! గార్డు లూజుగా ఉంటే కదలకుండా కత్తిరించి లోపల దూర్చారు. నేను కుర్చీలో వెనక్కి వాలి చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నా.

టేప్ ఊడదీసి, గార్డుని భూతద్దం కింద పెట్టా, డేగ ఉంది, రెక్కలు ఉన్నాయి, అన్నీ ఉన్నాయి, కానీ ఏదో తేడా కొడుతోంది, ఏంటో చెప్పలేకపోతున్నా. నేను ప్రతిరోజూ చూసేది స్పానర్లు, వాటికి రెక్కలుండవు కదా. అప్పుడు నాయనకి వీడియో కాల్ చేశా. మాది ప్రొద్దుటూరు, నాయన కంసాలి, ఇప్పుడు పని మానేశాడు గానీ కన్ను మానలేదు. ఫోన్ కెమెరా ముందు భూతద్దం పెట్టి చూపిస్తున్నా, అటు నుంచి "యాడ కొన్న్యావురా దీన్ని, కొంచెం పక్కకి తిప్పు, ఇంకా, ఆ, ఆడ నిలుపు" అని పది నిమిషాలు తిప్పించాడు. తర్వాత అన్నాడు, "పోత తప్పు కాదు, పోతలో పోత ఇది."

అర్థం కాలేదు. ఆయనే విడమర్చాడు. ఉక్కు అచ్చులో తొలిసారి పోసిన వస్తువుకి గీతలు కోసినట్టు ఉంటాయి. ఆ వస్తువునే తీసుకుని దాని మీద అచ్చు తీసి మళ్ళీ పోస్తే గీతల లోతు పూడిపోతుంది, మూలలు గుండ్రమైపోతాయి, సందుల్లో గాలి బుడగలు నిలిచి సూది మొన లాంటి బెజ్జాలు పడతాయి. "రెక్కల మధ్యన చూడు, ఈకకీ ఈకకీ నడుమ గాడి లేదు, పూత కూడా ఆడ గడ్డ కట్టింది. ముక్కు కింద రెండు బెజ్జాలుండాయి. ఇంకోటి, కొలిచి చూడు, చిన్నదై ఉంటది. బంగారమైనా అంతే, కరిగిచ్చి పోస్తే చల్లారినాక ముడుచుకుంటది." ముక్కు కింద చూశా. రెండు బెజ్జాలు. ఏడు వేల పైచిలుకు కిలోమీటర్ల దూరం నుంచి, మసకమసక ఫోన్లో, నేను వారం రోజులు పెట్టుకుని చూడలేనిది ఆయన పది నిమిషాల్లో చూశాడు. తర్వాత "ఇంటికి తెస్తావా ఏంది దాన్ని" అన్నాడు. తేలేను, మన ఆయుధాల చట్టంలో 9 అంగుళాలు దాటిన బ్లేడ్ ఉన్న డాగర్‌కి రూల్స్ వర్తిస్తాయి, ఇది దానికంటే పొడుగు అన్నా. "మంచిదే, ఆ గుర్తు మన ఇంట్లో వద్దు" అని ఫోన్ అమ్మకిచ్చేశాడు.

కొలవాలంటే దేనితో కొలుస్తాం? ఒక్కో కంపెనీ గార్డు అచ్చు ఒక్కోలా ఉండేది, కాబట్టి ఏదో ఒక అసలు డాగర్ పక్కన పెట్టి పోలిస్తే కుదరదు, అదే తయారీదారుది కావాలి. నా బ్లేడ్ మీద గార్డుకి కాస్త కింద చిన్న మార్క్ ఉంది, ఒక త్రాసు బొమ్మ, ఎ సి ఎస్ అక్షరాలు, ఆల్కోసో జోలింగన్ అని. భూతద్దంలో ఆ మార్క్ అంచులు కొంచెం ఎగుడుదిగుడుగా, లోపల ముదురు రంగుగా ఉన్నాయి, అంటే యాసిడ్‌తో తినిపించినది. ఇప్పటి లేజర్ మార్క్ అయితే లోతు అంతా ఒకటే, దగ్గరగా చూస్తే వరసగా చుక్కలు చుక్కలుగా కాలినట్టు ఉంటుంది, మా ఫ్యాక్టరీలో రోజూ వేసేది అదే కాబట్టి ఈ ఒక్క విషయంలో నాయన సాయం అక్కర్లేకపోయింది.

మా పాత కొలీగ్ దగ్గర అదే త్రాసు గుర్తు ఉన్న ఆర్మీ డాగర్ ఉంది. శనివారం వెళ్ళా. ఆయన ఇల్లు జోలింగన్‌లోని గ్రేఫ్రాట్‌లో, పాత సన్యాసినుల మఠంలో జర్మన్ బ్లేడ్ మ్యూజియం ఉంది చూడండి, దానికి దగ్గర్లోనే. వోవింకెల్ దాకా పట్టాల కింద వేలాడే రైల్లో, అక్కడ్నుంచి కరెంటు తీగల కింద నడిచే ట్రాలీబస్సులో, సంచిలో డాగర్ పెట్టుకుని. ఊరికే సంచిలో కాదండోయ్, తాళం వేసిన డబ్బాలో, ఇక్కడ డాగర్ చేత్తో పట్టుకుని ఊళ్ళో తిరగడం కుదరదు.

ఆయన టేబుల్ మీద రెండు గార్డులూ పక్కపక్కన పెట్టి నా వెర్నియర్‌తో ఆ కొస నుంచి ఈ కొసకి కొలిచాం, మూడుసార్లు. నాది మిల్లీమీటర్ పైన చిల్లర తక్కువ. ఎనిమిది సెంటీమీటర్ల పైచిలుకు వస్తువు మీద అంటే ఒకటిన్నర శాతం లోపు, జింక్ లాంటి లోహం చల్లారితే ముడుచుకునే లెక్కకి దగ్గర దగ్గరగా సరిపోతుంది. ఆయన గార్డు మీద ఈకల మధ్య గాడిలో గోరు కొస ఆగుతుంది, నా దాని మీద జారిపోతుంది. ఆయన ఏమీ అనలేదు, లేచి వెళ్ళి కాఫీ తెచ్చాడు. నాయన ప్రొద్దుటూరు నుంచి చెప్పాడని చెబితే మాత్రం గట్టిగా నవ్వి, కాపీలు కొన్ని మీ వైపు నుంచే వస్తాయి, ఇండియాలో పాకిస్తాన్‌లో చేస్తారు, పట్టుకునేవాళ్ళు కూడా అక్కడే ఉండటం న్యాయమే అన్నాడు.

ఆ రోజు ఆయన ఇంకో కత్తి చూపించాడు. ఎస్ఎ అంటే హిట్లర్ పార్టీ సొంత దండు, వాళ్ళ డాగర్, 1933 డిసెంబర్‌లో వచ్చిన మోడల్, గోధుమ రంగు చెక్క పిడి, బ్లేడ్ మీద నినాదం. బ్లేడ్‌ని వెలుతురుకి తిప్పి, మెరుగు గీతలు ఎటు పోతున్నాయో చూడమన్నాడు. అడ్డంగా ఉన్నాయి, అంచు నుంచి అంచుకి, జుట్టు కంటే సన్నగా. జోలింగన్‌లో ఆ నునుపు పనిని ప్లీస్టెన్ అంటారు, నూనె, ఎమెరీ పొడి పూసిన చక్రం మీద పట్టే పని, ఆ పనివాళ్ళే వేరే. కాపీల మీద గీతలు నిలువుగా, బెల్ట్ సాండర్ మీద లాగినట్టు ఉంటాయి. సంతల్లో నేను ఆ తర్వాత చూసిన ఒక ఎస్ఎ డాగర్‌కైతే నినాదంలో యు మీద ఉండాల్సిన రెండు చుక్కలు లేవు, జర్మన్ రాని వాడు చెక్కాడన్నమాట, దానికి భూతద్దం కూడా అక్కర్లేదు.

మా కొలీగ్ చూపించిన డాగర్ బ్లేడ్ వెనక వైపు ఇంకో విశేషం ఉంది. అక్కడ ఎస్ఎ నాయకుడు ఎర్న్‌స్ట్ రోమ్ పేరుతో స్నేహపూర్వకంగా అని రాసి ఉండేదట. 1934 జూన్ 30న మొదలుపెట్టి రోమ్‌నీ ఇంకా చాలామందినీ హిట్లర్ చంపించాడు, ఆ తర్వాత డాగర్లు ఉన్నవాళ్ళందరూ ఆ పేరు అరగదీయించుకోవాలని ఆర్డర్. ఈయన దాని మీద పేరు పోయింది, గ్రైండర్ తిరిగిన చోట లోహం పల్చబడి కొద్దిగా వేరే మెరుపు ఉంది. ఇప్పుడు అలా అరగదీసిన వాటికి కూడా రేటు ఉంది కాబట్టి అరగదీసినట్టు కూడా నకిలీ చేస్తున్నారు! లేని పేరుని చెరిపేసి అమ్ముతున్నారంటే చూడండి.

త్రాసు గుర్తు సంగతి కాఫీ అయ్యాక చెప్పాడు. ఆల్కోసో అంటే అలెగ్జాండర్ కోపెల్ జోలింగన్. కోపెల్ కుటుంబం యూదులు. ఆ ఊళ్ళో పెద్ద ఫ్యాక్టరీ, పెద్ద పేరు. 1930ల్లో నాజీలు కంపెనీని వాళ్ళ చేతుల్లోంచి లాగేశారు, బ్రాండ్ మాత్రం ఉంచుకున్నారు, అమ్ముడవుతుంది కదా. ఆ కుటుంబంలోని డాక్టర్ అలెగ్జాండర్ కోపెల్‌ని 1942లో, డెబ్బై ఏళ్ళు దాటిన మనిషిని, తెరేజియన్‌స్టాట్ అనే నాజీల నిర్బంధ క్యాంపుకి పంపారు, అదే ఏడాది అక్కడే చనిపోయాడు. ఇప్పుడు జోలింగన్‌లో ఆయన పేరు మీద ఒక హైస్కూలు ఉంది. అంటే నా సంచిలో ఉన్న బ్లేడ్ మీద ఆ ఇంటి పేరు, దానికి మూడు వేళ్ళ పైన ఆ ఇంటిని కూల్చినవాళ్ళ గుర్తు. ఇంటికొచ్చాక డాగర్‌ని విప్పిన ముక్కలుగానే ఒక డబ్బాలో పెట్టేశా, బిగించబుద్ధి కాలేదు.

డబ్బులు పోయినందుకు మాత్రం కడుపు మండుతూనే ఉంది. నెల తర్వాత సంతకి వెళ్తే డాగర్ అమ్మిన పెద్దమనిషి అదే చోట అదే టేబుల్ వేసుకుని ఉన్నాడు. గొడవ పడలేదు, గార్డూ, క్యాన్ ముక్కా టేబుల్ మీద పెట్టా. ఆ ముక్కని చూసి కాసేపు తల గోక్కున్నాడు. తాతగారు మెల్లగా మాయమైపోయారు, చనిపోయినవాళ్ళ ఇళ్ళు ఖాళీ చేసే కాంట్రాక్టర్ దగ్గర కొన్నా అన్నాడు. మరి గార్డు? అసలు గార్డు దానికే ఉండేది, కానీ స్వస్తిక్‌ని ఎవరో రాకేశారు, అలా ఉంటే ఎవడూ కొనడు, అందుకే వేరేది తెప్పించి వేశా అన్నాడు. చాలా మామూలుగా, పగిలిన స్టూలుకి కాలు మార్చినట్టు చెప్పాడు. అసలుది ఎక్కడుందంటే ఇంట్లో పాత సామాన్ల డబ్బాలో ఉండొచ్చు అన్నాడు. డబ్బులు తిరిగివ్వమంటే ఇవ్వలేదు, అర్ధగంట తర్కం తర్వాత 80 వెనక్కిచ్చాడు, ఆ గార్డు దొరికితే ఊరికే ఇస్తానన్నాడు. నేను నమ్మలేదు.

తర్వాతి నెల తెచ్చాడు. న్యూస్‌పేపర్లో చుట్టి.

ఇంటికొచ్చి మళ్ళీ భూతద్దం, వెర్నియర్. కొలత మా కొలీగ్ దానికి సరిపోయింది. ఈకల గాడిలో గోరు ఆగింది. బ్లేడ్ తోకకి తొడిగితే రేకు ముక్క అవసరం లేకుండా బిగుతుగా దిగింది, ఆఖరి రెండు మిల్లీమీటర్లు బొటనవేళ్ళతో నొక్కాల్సొచ్చింది. గార్డు కింద ఉండే పాత తోలు వాషర్ మీద ఒక అచ్చు పడి ఉంది, అంతకుముందు అదేంటో నేను పట్టించుకోలేదు, గార్డు అడుగున ఉన్న చిన్న బొడిపె ఆ గుంటలో సరిగ్గా కూర్చుంది. ఈ ఒక్కటి చాలు నాకు. కాపీ గార్డుకి అడుగు చదునుగా ఉంది.

స్వస్తిక్ ఉండాల్సిన చోట డేగ కాళ్ళ కింద ఉత్త గుండ్రటి మచ్చ, దాని మీద అడ్డదిడ్డంగా గీతలు. యుద్ధం అయిపోయాక మిత్రదేశాలు ఇళ్ళలో ఉన్న ఆయుధాలన్నీ అప్పజెప్పమన్నప్పుడు కొందరు ఇచ్చేశారు, కొందరు తోటలో పాతిపెట్టారు, కొందరు ఇలా గుర్తు అరగదీసి దాచుకున్నారు. నాయనకి చూపించా. గ్రైండర్ కాదు, చేతి ఆకురాయి అన్నాడు. బరక ఆకురాయి, పని తెలిసినోడి చేయి కాదు, ఒకే వైపు పోలేదు, పొట్టి పొట్టిగా పోయింది, పట్టుడు లేకుండా ఒళ్ళో పెట్టుకుని రాకినాడు అన్నాడు. "తొందరలో ఉండాడు" అన్నాడు ఇంకాసేపు చూసి.

కలెక్టర్ల లెక్కలో ఇప్పుడు దీని విలువ నేను పెట్టిన దాంట్లో సగం కూడా రాదని మా కొలీగ్ చెప్పాడు. అసలు గార్డుతో అలాగే బిగించి పెట్టుకున్నా, కుచ్చు తీసి పారేశా. నకిలీ గార్డు ఆఫీసులో నా డ్రాయర్‌లో ఉంది, కొత్తగా చేరిన ట్రైనీలకి పోతలో లోహం ఎంత ముడుచుకుంటుందో చూపించడానికి వెర్నియర్‌తో పాటు చేతికిస్తా. నల్ల టేప్ మళ్ళీ చుట్టే ఇస్తా.